కానుక అన్నంత మాత్రాన కానుక అవుతుందా?

పత్తి అమ్మిన డబ్బో, వేరుశనగ అమ్మిన డబ్బో చేతికొచ్చిన వారంలోనే చుట్టం ఒకరు ఇంటికి వస్తారు. టీ తాగి, పొలం కబుర్లు అయ్యాక అసలు సంగతి బయటపెడతారు. “బావా, ఇది చిట్టీ కాదు, అప్పు కాదు, వ్యాపారం అంతకన్నా కాదు. మనలో మనం కానుకలు ఇచ్చుకోవడమే. నువ్వు ఒక్కసారి అయిదు వేలు కానుకగా ఇవ్వు. కొన్నాళ్లకు నీకు నలభై వేలు కానుకగా వస్తాయి.”

రైతు సోదరులు ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. విత్తనాల సంచి కొనేటప్పుడు పైన బొమ్మ చూసి కొనం. లేబులు మీద రకం, మొలక శాతం, గడువు తేదీ చూస్తాం, బిల్లు అడుగుతాం. డబ్బు అడిగేవారి మాటలను కూడా అలాగే పరీక్షించి చూడాలి.

ఈ ఆట పాతదే

అమెరికాలో 1980లలో దీన్ని ‘విమానం ఆట’ అన్నారు. ఒక పైలట్, ఇద్దరు కో-పైలట్లు, నలుగురు సిబ్బంది, ఎనిమిది మంది ప్రయాణికులు, మొత్తం 15 మంది. డబ్బు కట్టేది ప్రయాణికులు. ఆ డబ్బు తీసుకుని దిగిపోయేది పైలట్. అతను దిగాక ఒక విమానం రెండవుతుంది. కో-పైలట్లు చెరొకదానికి పైలట్లవుతారు. ఒక్కో విమానానికి మళ్లీ ఎనిమిది మంది కొత్తవారు కావాలి.

తర్వాత అదే దేశంలో కనెక్టికట్ రాష్ట్రపు ఆడవాళ్ల మధ్య ఇది ‘కానుకల బల్ల’ అయింది. ఈసారి విమానం లేదు, విందు భోజనం ఉంది. కొత్తగా చేరినవారికి విందు మొదట్లో పెట్టే చిరుతిండి పేరు, డబ్బు తీసుకునే మనిషికి చివర్లో పెట్టే తీపి పేరు. ఎనిమిది మంది తలా 5,000 డాలర్లు ఇస్తే పైనున్న ఒక్కరికి 40,000 డాలర్లు. “ఇవి కానుకలే, చట్టానికి విరుద్ధం కాదు” అని చేరేవారికి చెప్పారు. 2013లో ఫెడరల్ కోర్టు జ్యూరీ ఆ మాట నమ్మలేదు. ఇద్దరు నిర్వాహకులను మోసం, పన్ను నేరాల కింద దోషులుగా తేల్చింది. వారికి జైలుశిక్ష పడింది.

రష్యాలో 1994లో కుప్పకూలిన ఎం.ఎం.ఎం. పథకాన్ని సెర్గీ మావ్రోది 2011లో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ‘సాయం చేయడం, సాయం పొందడం’ అని పేరు పెట్టాడు. అది చాలా దేశాలకు పాకింది. నైజీరియాలో 2016 డిసెంబరులో, సరిగ్గా పండుగ ముందు, చెల్లింపులు ఆగిపోయాయి.

విమానం, విందు, సాయం అంటూ పేర్లు మారాయి. కింద చేరినవారి డబ్బు పైవారికి పోవడం మాత్రం మారలేదు.

ఆ మాట ఎందుకు ఎంచుకున్నారు?

అప్పయితే నోటు రాయించుకుంటాం. చేబదులయితే నాలుగు రోజులాగి అడుగుతాం. పెట్టుబడి అయితే లెక్క చూపమంటాం. మరి కానుక? ఇచ్చినవాడు మళ్లీ అడగలేడు. అందుకే ఆ మాట వాడతారు. రేపు డబ్బు రాకపోతే, “నువ్వే కదయ్యా కానుకగా ఇచ్చావు” అంటారు.

కొన్నిచోట్ల “నా ఇష్టపూర్వకంగా, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా ఇస్తున్నాను” అని సంతకం కూడా పెట్టించుకుంటారు. నోటితో నలభై వేలు ఆశ చూపుతారు, కాగితం మీద ఆశే లేదని రాయించుకుంటారు. రెండింట్లో ఒకటి అబద్ధం కాక తప్పదు. ఏది అబద్ధమైనా నష్టపోయేది సంతకం పెట్టినవాడే.

‘క్లబ్బు’, ‘మన కుటుంబం’ అనే మాటలు కూడా ఇలాంటివే. కుటుంబమంటే యజమాని ఎవరని అడగం. ‘ఆహ్వానించండి’ అంటే మనుషుల్ని చేర్పించమని అర్థం. డబ్బు ఆలస్యమైతే “మీరు సరిగా ఆహ్వానించలేదు” అంటారు. తప్పు మీ నెత్తిన పడుతుంది.

మన చదివింపులతో పోల్చవచ్చా?

“పెళ్లిలో చదివింపులు లేవా? ఇదీ అంతే” అని చెప్పేవారున్నారు. అంతే కాదు. పెళ్లిలో మనం 516 రూపాయలు చదివిస్తే పుస్తకంలో రాసుకుంటారు. మన ఇంట్లో శుభకార్యానికి వాళ్లు అంతో, కాస్త ఎక్కువో చదివిస్తారు. ఎనిమిదింతలు ఎవరూ ఇవ్వరు. ఎనిమిది మందిని వెంటబెట్టుకొస్తేనే నీ చదివింపు తిరిగిస్తామని కూడా ఎవరూ అనరు.

చిట్టీ సంగతీ వేరే. 20 మంది, 20 నెలలు అయితే ఆఖరికి 20 మందికీ డబ్బు అందాలి. మధ్యలో కొత్తవారు రానక్కరలేదు. రిజిస్టరు చేసిన చిట్టీకి 1982 నాటి చట్టం ఉంది. చిట్టీల రిజిస్ట్రారు ఉంటారు, అడగడానికి చోటుంది.

చేతివేళ్ల మీద లెక్క

నలభై వేలు ఏ పొలంలోనూ పండలేదు. ఎనిమిది మంది తలా అయిదు వేలు ఇచ్చిందే అది. మొదట ఎనిమిది మంది కట్టారనుకుందాం. వారందరికీ అందాలంటే 64 మంది కట్టాలి. ఆ 64 మందికి అందాలంటే 512 మంది. వారికి 4,096 మంది. వారికి 32,768 మంది. నాలుగైదు మెట్లకే ఊరు దాటి మండలం చాలదు. ఆట ఎప్పుడు ఆగినా, కట్టిన ఎనిమిది మందిలో ఒక్కరికి మించి అందదు. మిగతా ఏడుగురూ ఎవరు? ఆఖరున చేరినవారు. అంటే మీరు నచ్చజెప్పి తెచ్చిన మీ తోడల్లుడు, మీ పొలం గట్టు పక్క రైతు.

చట్టం పేరు చూడదు

ప్రైజ్ చిట్లు, నగదు చలామణి పథకాల నిషేధ చట్టం 1978లో వచ్చింది. సభ్యుల చేరికపై ఆధారపడి సులువుగా డబ్బు వస్తుందని చెప్పే పథకాన్ని ఏ పేరుతో పిలిచినా అది నిషిద్ధమే. నడిపినవారే కాదు, సభ్యులుగా చేరినవారూ, పాలు పంచుకున్నవారూ తప్పు చేసినట్లే. మూడేళ్ల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఎవరైనా వచ్చినప్పుడు ఇవి అడగండి

1. నాకొచ్చే డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది? కొత్తగా చేరేవారి నుంచే అయితే అక్కడితో ఆపండి.
2. కొత్తవారెవరూ చేరకపోతే నా డబ్బు ఏమవుతుంది?
3. ‘కానుక’ అన్నచోట ‘అప్పు’ అని రాసి సంతకం పెడతావా?

మూడో ప్రశ్నకు చుట్టం నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్లే.

ఇప్పటికే కట్టి ఉంటే, పోయినది రాబట్టుకోవాలని ఇంకొకరిని చేర్చకండి. మీ నష్టం వారి ఇంటికి మారుతుంది, నేరంలో మీరూ భాగస్తులవుతారు. కాగితాలు, రశీదులు, ఫోనులో వచ్చిన సందేశాలు దాచి, పోలీస్ స్టేషనులో ఫిర్యాదు చేయండి. ఫోను ద్వారా డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి చెప్పండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీరు ఊరుకుంటే రేపు ఆ చుట్టం పక్కింటి తలుపు తడతాడు.