లప్పపు దుమ్మును పుట్టినచోటనే పట్టవలెను

సూరత్ నగరమునందు తాపీనదికి ఉత్తరపు ఒడ్డున నున్న అమ్రోలి ఒకప్పుడు గ్రామము. నేడది నగరములో కలిసిపోయినది. మరమగ్గముల శాలల సరసనే, కోసాడ్, ఉత్రాణ్ దిక్కులుగా, అంతస్తుమీద అంతస్తుగా ఇండ్లు లేచుచున్నవి. ఈ నగరమున తెలంగాణము నుండి వచ్చి స్థిరపడిన నేతపనివారి కుటుంబములు పెక్కు కలవు. భవన నిర్మాణపు పనులకు పోవువారికిని, కూడబెట్టిన సొమ్ముతో చిన్న ఇల్లు కొని రంగులు వేయించుకొనువారికిని తెలిసియుండవలసిన విషయమొకటి ఈ పాఠమున వివరింపబడుచున్నది.

క్రొత్త ఇంటి గోడ అద్దమువలె నునుపుగా నుండవలెనని ఎల్లరును కోరుదురు. ఆ నునుపు ఊరక రాదు. గోడకు లప్పము పెట్టి, ఆరిన పిమ్మట దానిని రాచి సమము చేయవలెను. అట్లు రాచునపుడు లేచు తెల్లని దుమ్ము గదియంతయు క్రమ్ముకొనును. పనివాని కనుబొమలు, జుట్టు, బట్టలు పిండిలో ముంచినట్లగును. సాయంకాలము స్నానము చేసినచో పైని దుమ్ము పోవును. ఊపిరితో లోనికి పోయిన దుమ్మును కడుగుటకు నీరు లేదు. కావున ఆ దుమ్ము గాలిలోనికి లేవకమునుపే దానిని పట్టుకొను ఉపాయమును ఎల్లరును నేర్వవలెను.

ఈ దుమ్ము ఎట్టిది?

తెలుగు రంగుపనివారు లప్పమనునదియే బజారులో పుట్టీ పేర అమ్ముడగుచున్నది. దీనిలో తెల్ల సిమెంటు, సున్నపురాతి పొడి లేక డోలమైటు పొడి, జిగురు పదార్థములు కలిసియుండును. జిప్సమ్ పలకలతో కప్పులు, అడ్డుగోడలు కట్టుచోట అతుకులు పూడ్చుటకు వాడు ముద్దలో సున్నపురాతి పొడి, జిప్సమ్, అభ్రకము, టాల్కు మున్నగునవి యుండును. వీనిలో కొన్నిటియందు స్ఫటికరూపమైన సిలికాయు కొంత కలిసియుండవచ్చును.

లప్పపు దుమ్మునకును, సిమెంటు పూతను రాచునపుడు లేచు దుమ్మునకును భేదము కలదు. సిమెంటు పూతలో ఇసుక యుండును. ఇసుకలో అధికభాగము సిలికాయే. లప్పములో సిలికా తక్కువ. అయినను ఒకే యంత్రముతో పనివాడు ఉదయము లప్పమును, మధ్యాహ్నము ఎగుడుదిగుడుగా నున్న సిమెంటు పూతను రాచుట సామాన్యము. కంటికి రెండును ఒకే తీరుగ కనబడును గాన, ఏ దుమ్మునైనను ప్రమాదకరమైనదిగనే యెంచి పనిచేయుట క్షేమము.

కంటికి కనబడు దుమ్ముకంటె కనబడని దుమ్ము హెచ్చు హానికరము. మనుష్యుని వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను చిక్కుకొని కఫముతో, చీమిడితో వెలికి వచ్చును. 10 మైక్రాన్లకు లోపైనవి, అందును 4 మైక్రాన్లకు లోపైనవి, ఊపిరితిత్తుల లోపలి గాలితిత్తుల వరకును చేరును. ఇవి గదిలో గంటల తరబడి తేలుచుండును. పని ముగిసి దుమ్ము అణగినదని తలచి మూతిగుడ్డ తీసివేసినవాడు వానినే పీల్చుచున్నాడు.

శరీరమునందు జరుగు హాని

సిమెంటు కలిసిన దుమ్ము క్షారగుణము కలది. కండ్లు మండుట, ముక్కు కారుట, చర్మము పగులుట, దగ్గు వెంటనే కానవచ్చును. ఉబ్బసము కలవారికి ఆయాసము పెరుగును. ఏండ్ల తరబడి పీల్చినవారికి శ్వాసనాళములు వాచి, నిత్యము కఫము పడుచుండును.

సిలికా చేయు కీడు వేరు. గాలితిత్తులలో చేరిన సిలికా రేణువులను శరీరము కరగించుకొనజాలదు. వాని చుట్టును గట్టి కణుపులు కట్టును. మెత్తని స్పంజివలె నుండవలసిన ఊపిరితిత్తి క్రమముగా గట్టిపడును. దీనినే సిలికోసిస్ అందురు. సామాన్యముగా పదియేండ్లు దాటిన పిమ్మట ఇది బయటపడును. దుమ్ము మిక్కుటమైనచోట కొలది సంవత్సరములలోనే రావచ్చును. వచ్చిన వ్యాధిని పోగొట్టు మందు నేటికిని లేదు. దుమ్మునకు దూరమైన తరువాత సైతము అది ముదురుచుండవచ్చును. సిలికోసిస్ కలవారికి క్షయ సోకు అవకాశమును హెచ్చు. స్ఫటికరూపమైన సిలికా ఊపిరితిత్తుల పుట్టకురుపునకు కారణమగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో తీర్మానించినది.

గుజరాత్ రాష్ట్రమునకు ఈ వ్యాధి క్రొత్త కాదు. ఖంభాత్‌లో అకీకు రాళ్లను సానపట్టువారును, గోధ్రా ప్రాంతపు కర్మాగారములలో స్ఫటికశిలను పొడిచేయువారును దీనికి బలియైరి. పొరుగునున్న మధ్యప్రదేశ్ నుండి కూలికి పోయి ఈ వ్యాధితో మరణించిన 238 మంది కుటుంబములకు 3 లక్షల రూపాయల చొప్పున చెల్లింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2016లో గుజరాత్ ప్రభుత్వమును ఆదేశించినది. వారు పీల్చినది లప్పపు దుమ్ముకంటె మిక్కిలి తీక్ష్ణమైనది. అయినను పొట్టకూటికై పరరాష్ట్రమునకు పోయినవాని ఊపిరి ఎంత సులభముగా లెక్కకు రాకపోవునో ఆ ఉదంతము తెలుపుచున్నది.

ఉప్పుకాగితము నుండి యంత్రమునకు

పూర్వము ఈ పని అంతయు ఉప్పుకాగితముతో చేతిమీదనే జరిగెడిది. ఇప్పుడు విద్యుత్తుతో నడచు సాండరు యంత్రములు వచ్చినవి. పొడవైన కాడ చివర గుండ్రని పలక యుండును. దానికి ఉప్పుకాగితపు బిళ్ల అంటుకొనును. కాడ పొడవగుటచే నేలమీద నిలిచియే గోడ పైభాగమును, కప్పును రాచుటకు వీలగును. నిచ్చెనలు, పరంజాలు ఎక్కి దిగు అవసరమును, పడు ప్రమాదమును తగ్గును.

అయితే దుమ్ము పీల్చు ఏర్పాటు లేని యంత్రము చేతిపనికంటె ఆరోగ్యమునకు హెచ్చు చేటు చేయును. చేయి మెల్లగా రాచును, యంత్రము నిమిషమునకు వందల చుట్లు తిరిగి, అదే కాలములో ఎన్నోరెట్లు దుమ్మును విసరును. కావున యంత్రము కొన్నంత మాత్రమున చాలదు, దానితోపాటు దుమ్ము పీల్చు సాధనమును ఉండితీరవలెను. రెండవది లేనిచో మొదటిదానిని నడపకుండుటయే మేలు.

పీల్చు సాధనము పనిచేయు విధము

సాండరు పలకకును బిళ్లకును రంధ్రములుండును. పలక చుట్టును కుంచెవంటి అంచు గోడకు తాకియుండును. పలక వెనుకనుండి ఒక గొట్టము పీల్చు యంత్రమునకు పోవును. రాపిడివలన రాలిన పొడి అంచు దాటి బయటకు రాకమునుపే గాలితోపాటు రంధ్రములగుండ లోనికి లాగబడి, సంచిలో పడును. సంచి దాటిన సన్నని రేణువులను వడపోత ఆపును. శుభ్రమైన గాలి మాత్రమే వెలికి వచ్చును.

ఇండ్లలో తివాచీలు తుడుచు సాధారణపు పీల్చు యంత్రము దీనికి పనికిరాదు. అతి సన్నని దుమ్ము దాని వడపోతను దాటి, వెనుకవైపునుండి తిరిగి గదిలోనికే చిమ్మబడును. ఐరోపా ప్రమాణములలో ఇట్టి యంత్రములు ఎల్, ఎమ్, హెచ్ అని మూడు తరగతులు. ఎల్ తరగతి నూటికి 1 వంతు వరకును, ఎమ్ తరగతి 0.1 వంతు వరకును, హెచ్ తరగతి 0.005 వంతు వరకును దుమ్మును దాటనిచ్చును. లప్పమునకు ఎమ్ తరగతి యైనను ఉండవలెను. విషపదార్థములున్నచోట హెచ్ తరగతి అవసరము.

ఈ పద్ధతి ఫలితము పరీక్షలలో తేలినది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1999లో వెలువరించిన పత్రము ప్రకారము, అతుకులు రాచు పనివారు పీల్చిన మొత్తపు దుమ్ము, అక్కడ చట్టము అనుమతించిన ఘనపు మీటరునకు 15 మిల్లీగ్రాముల పరిమితికి కొన్నిచోట్ల పదిరెట్ల వరకు నుండెను. బజారులో దొరకు ఐదు విధములైన పీల్చు సాధనములను జోడించి చూడగా దుమ్ము నూటికి 80 నుండి 97 వంతుల వరకు తగ్గెను. ఐదింటిలో నాలుగు సుమారు 95 వంతులు తగ్గించినవి.

పనికి ముందు

లప్పము పూర్తిగా ఆరినదో లేదో చూడవలెను. తడి లప్పము బిళ్ల రంధ్రములను పూడ్చివేయును. బిళ్ల రంధ్రములు పలక రంధ్రములతో సరిపోవునట్లు అంటించవలెను, అవి తప్పినచో గాలి పోవు దారి మూసికొనిపోవును. గొట్టమునకు చిల్లులు లేకుండునట్లును, సంచి నిండకుండునట్లును చూడవలెను. యంత్రమునకు భూసంబంధము కల ప్లగ్గును, విద్యుత్తు కారినచో వెంటనే ప్రవాహము నాపు ఆర్.సి.సి.బి. సాధనమును ఉండవలెను. పని జరుగు గది తలుపులను తెరలతో మూసి, ఇతరులను, ముఖ్యముగా పిల్లలను, అచ్చటికి రానీయరాదు.

పని చేయునపుడు

మొదట పీల్చు యంత్రమును, తరువాత సాండరును నడపవలెను. ఆపునపుడు సాండరును ముందు ఆపి, గొట్టములోని దుమ్ము సంచికి చేరువరకు పీల్చు యంత్రమును మరికొన్ని క్షణములు నడువనీయవలెను. పలకను గోడకు సమముగా ఆనించవలెను. ఒక ప్రక్కకు ఒరిగినచో అంచు లేచి దుమ్ము తప్పించుకొనును. బలముగా నొత్తరాదు. అట్లు నొత్తిన గోడమీద గుంటలు పడును, బిళ్ల చెడును. ఒకేచోట నిలుపక మెల్లగా కదలించుచుండవలెను. పీల్చు బలము మితిమీరి పలక గోడకు పట్టుకొనిపోయినచో ఆ బలమును తగ్గించు కవాటమును సరిచేయవలెను. పలక చుట్టు దుమ్ము చిమ్ముట కనబడిన తక్షణమే పని ఆపి కారణము వెదకవలెను. సంచి నిండుట, వడపోత పూడుట, గొట్టము మడతపడుట అను మూడును తరచు కనబడు కారణములు. గుండ్రని పలక గోడ మూలలకు చేరదు. అట్టిచోట్ల చేతితో తడి స్పంజిని వాడవలెను.

పని ముగిసిన తరువాత

నేలను పొడి చీపురుతో ఊడ్వరాదు. పట్టిన దుమ్మంతయు మరల గాలిలో లేచును. పీల్చు యంత్రముతో గాని, తడిగుడ్డతో గాని శుభ్రము చేయవలెను. బట్టలను దులుపరాదు, గాలి గొట్టముతో ఊదరాదు. పనిబట్టలు వేరుగా నుంచి, ఇంటిలోని ఇతరుల బట్టలతో కలుపక ఉతుకవలెను. వడపోతను గోడకు కొట్టి దులుపుట పెక్కుచోట్ల కనబడు దురభ్యాసము. అది రోజంతయు పట్టిన దుమ్మును ఒక్క నిమిషములో ముఖముమీద చల్లుకొనుటయే. సంచిని మూతికట్టి పారవేయవలెను.

ముఖమునకు తొడుగు

తువాలు గాని, రుమాలు గాని, పలుచని గుడ్డ మాస్కు గాని సన్నని దుమ్మును ఆపజాలవు. ఎన్-95 తరగతి మాస్కు గాని, భారతీయ ప్రమాణమగు ఐ.ఎస్. 9473కు సరిపడు మాస్కు గాని ధరింపవలెను. అది ముఖమునకు అంచులంతట బిగిసియుండవలెను. గడ్డమున్నచో సందులనుండి దుమ్ము దూరును. తడిసినదానిని, మాసినదానిని మార్చవలెను. కండ్లకు అద్దములును, చెవులకు బిరడాలును మేలు. కాని మాస్కు కడపటి రక్షణ యనియు, దుమ్మును పుట్టినచోట పట్టుటయే మొదటి రక్షణ యనియు మరువరాదు.

యంత్రము కొనలేనిచోట

చిన్న మేస్త్రీలు యంత్రములను అద్దెకు తెచ్చుకొనవచ్చును, నలుగురు కలిసి ఒకటి కొనవచ్చును. గొట్టమునకు తగిలించి చేతితో రాచు పలకలును దొరకును. అదియును లేనిచో తడి స్పంజితో రాచుట మంచిది. పని కొంత ఆలస్యమైనను దుమ్ము లేవదు. విద్యుత్తు సాండరుతో మాత్రము తడిగోడను ఎన్నడును రాచరాదు. లప్పమును మొదటనే పలుచగా, సమముగా పెట్టు నేర్పరికి రాచవలసిన పనియే తక్కువ. మంచి చేతిపనియే మంచి ఆరోగ్యరక్షణ.

పాత గోడల విషయమున హెచ్చరిక

పాత రంగులలో సీసము ఉండవచ్చును. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల వంతులకు 90 వంతులు మించరాదను నియమము మన దేశమున 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు వేసిన రంగులను పొడిగా రాచరాదు. సీసపు దుమ్ము పసిపిల్లల మెదడునకు హానిచేయును. ఆస్బెస్టాస్ రేకులను ఏ యంత్రముతోను రాచనే కూడదు.

మేస్త్రీల, యజమానుల, కార్మికుల విధులు

పీల్చు సాధనము, మాస్కులు సమకూర్చుట పని చేయించువారి విధి. వాని వెలను కార్మికుని కూలిలో కోయరాదు. ఇల్లు కట్టించువారును గోడ నునుపు ఎంత అని మాత్రమే కాక, దుమ్ము ఎట్లు పట్టుదురని కూడ గుత్తేదారును ప్రశ్నింపవలెను. భవన నిర్మాణ కార్మికులు, 1996 నాటి చట్టమును అనుసరించి ఏర్పడిన సంక్షేమ మండలులలో తమ పేర్లు నమోదు చేయించుకొనవలెను.

రెండు వారములకు మించి దగ్గు, మెట్లెక్కునపుడు ఆయాసము, బరువు తగ్గుట మున్నగునవి కనబడినచో వైద్యుని చూడవలెను. సూరత్‌లో ప్రభుత్వపు న్యూ సివిల్ ఆస్పత్రియు, నగరపాలక సంస్థవారి స్మీమేర్ ఆస్పత్రియు కలవు. వైద్యునితో తాము చేయు పని యేదో, ఎన్నేండ్లుగా చేయుచున్నారో తప్పక చెప్పవలెను. ఆ మాట చెప్పనిచో సిలికోసిస్‌ను క్షయగా మాత్రమే యెంచి మందులిచ్చుటకు వీలున్నది. రోగి తిరిగి దుమ్ములోనికే పోవును.

గోడ నునుపు కొన్నియేండ్లకు మాసిపోవును, మరల రంగు వేయించుకొనవచ్చును. గట్టిపడిన ఊపిరితిత్తికి మరల పూత లేదు. అందుచే దుమ్మును గాలికి విడువక, పుట్టినచోటనే పట్టుట ప్రతి పనిచోటను అలవాటు కావలెను.