పెద్దవారమైతిమని తెలియుట

ధ్యాన భాగములు: నిర్గమకాండము 2:11–15, లూకా 2:41–52, గలతీయులకు 6:1–5



మొన్న యవ్వనస్థుల కూటములో ఒక అబ్బాయి లేచి, "అయ్యగారూ, మనిషి పెద్దవాడయ్యాడని ఎట్లా తెలుస్తుంది?" అని అడిగెను. కొందరు నవ్విరి. ఒకడు మీసము వచ్చినప్పుడనెను, ఒకడు పెండ్లియైనప్పుడనెను. మన దేశములో 1989 నుండి 18 ఏండ్లు నిండినవారికి ఓటు కలదు. పెండ్లికి ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 నిండవలెనని చట్టము. ఇశ్రాయేలీయులలో యుద్ధమునకు పోదగిన వారిని 20 ఏండ్లు మొదలుకొని లెక్కించిరి (సంఖ్యా 1:3). లేవీయులు 25 ఏండ్లకు గుడారపు సేవలో చేరిరి (సంఖ్యా 8:24). ఈ లెక్కలన్నియు అవసరమే. అయినను ఏండ్లు నిండినవాడెల్ల పెద్దవాడు కాడని మనమెరుగుదుము. నలుబది ఏండ్లు దాటియు తల్లి కూలి డబ్బుమీద బ్రతుకువారు మన పల్లెలలో లేరా? కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్నకు వాక్యములో జవాబు వెదకుదము.

1. పెద్దవాడు ఇతరుల భారమును చూచును.

ఫరో కుమార్తె ఇంట పెరిగిన మోషే పెద్దవాడై తనవారి యొద్దకు పోయి, వారు మోయుచున్న భారములను చూచెనని నిర్గమకాండము తెలుపుచున్నది. ఆ భారములు ఆ దినమున పుట్టినవి కావు. ఆయన జమ్ముపెట్టెలో పసివాడై యున్నప్పుడును అవి ఉండెను. వాటిని చూచు కన్ను మాత్రము ఆ దినమున తెరవబడెను.

ఇది మాకు కష్టముగా తెలిసిన పాఠము. 2003లో మేము వేదాంత పాఠశాలలో చదువుచుండగా, తోటివారికి సెల్‌ఫోనులున్నవి, మాకును ఒకటి కావలెనని ఇంటికి కబురు చేసితిమి. పది దినములలో మా నాయన డబ్బు పంపెను. ఆ యేడు కోతకాలపు పండుగకు ఇంటికి వచ్చితిమి. మా ఇంటి ధాన్యపు గంపను ఏటేట గుడిలో ముందుకు మోసికొని పోవువాడు మా నాయనయే. ఆ ఆదివారము ఆయన గంపను ఎత్తబోయి ఆగి, "నువ్వు పట్టుకెళ్లరా" అనెను. ఆయన చేతులు వణకుచుండెను.

ఆ రాత్రి మా పదవ తరగతి సర్టిఫికేటు కొరకు రేకుపెట్టె వెదకగా, ఆయన అప్పులు వ్రాసికొను చిన్న పుస్తకము దొరికెను. ఫోను కొరకు పంపిన సొమ్ము అందులో ఉండెను. నూటికి మూడు రూపాయల వడ్డీ. దాని పైన విత్తనములకు తెచ్చినది, అమ్మ వైద్యమునకు తెచ్చినది, మా ఫీజునకు తెచ్చినది వరుసగా వ్రాయబడి యుండెను. మాకు నిద్ర పట్టలేదు. ఆయన చేతులు ఆ యేడే వణక నారంభించినవా? కాదు. మేము చూచుట ఆ యేడే.

2. చూచినవాడు తొందరపడరాదు.

మోషే భారమును చూచిన దినముననే తన బాహుబలముతో దానిని తీర్చబోయెను. ఐగుప్తీయుని చంపి ఇసుకలో కప్పిపెట్టెను; తుదకు మిద్యానునకు పారిపోయెను. ఆ తరువాత 40 ఏండ్లు గడచినగాని ప్రభువు ఆయనను పంపలేదని స్తెఫను చెప్పెను (అపొ. కార్య. 7:23–30). చూచుట ఒక దినమున కలుగవచ్చును. మోయుట నేర్చుకొనుటకు కాలము పట్టును.

మేమును తెల్లవారగానే, "చదువు మానేస్తాను, కూలికి పోయి అప్పు తీరుస్తాను" అని నాయనతో అంటిమి. ఆయన పశువులకు మేత వేయుచు, "నా అప్పు నేను తీర్చుకుంటానురా. నీ చదువు పాడుచేసుకొని నా నెత్తిన ఇంకో బరువు పెట్టొద్దు" అనెను. అప్పుడు ఆ మాట మాకు కోపము తెప్పించెను. నేడు మాకును పిల్లలున్నారు గనుక దాని అర్థము తెలియుచున్నది. మరల డబ్బు అడుగలేదు. సెలవులలో పత్తి తీయుటకు పోయి ఆ కూలి అమ్మ చేతికిచ్చితిమి. మూడవ యేట అప్పు తీరెను. అందులో పెద్ద భాగము నాయన తీర్చినదే.

ప్రభువైన యేసును చూడుడి. 12 ఏండ్ల ప్రాయమున దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి, తన తండ్రి యెవరో ఎరిగినవాడై మాటలాడెను. అయినను మరియ యోసేపులతో నజరేతునకు తిరిగి పోయి వారికి లోబడి యుండెను. దాదాపు 30 ఏండ్ల వరకు బహిరంగ సేవకు రాలేదు (లూకా 3:23). ఊరివారు ఆయనను వడ్లవానిగా ఎరుగుదురు (మార్కు 6:3). తానెవరో తెలిసినను ఇంటి పనిని చిన్నచూపు చూడలేదు.

3. రెండు బరువులు.

గలతీ పత్రికలో పౌలు ఒకరి భారములు ఒకరు మోయవలెనని 2వ వచనములో చెప్పి, ఎవని బరువు వాడే మోసికొనవలెనని 5వ వచనములో చెప్పుచున్నాడు. ఇది పొసగని మాట కాదు. గ్రీకు భాషలో మొదటిది బారోస్, అనగా మనిషిని క్రుంగదీయు భారము. రెండవది ఫోర్తియోన్, అనగా ఎవరికి వారికి కట్టిన మూట. ఓడకెక్కించు సరకునకును ఆ మాట వాడుదురు. తన మూటను తండ్రి నెత్తిన పెట్టక, తండ్రి క్రుంగినప్పుడు ఆయన భారమునకు చేయి వేయువాడే పెద్దవాడు. ప్రభువు తన బరువు తేలికయని చెప్పినప్పుడు మత్తయి వాడిన మాటయు ఈ రెండవదియే (మత్తయి 11:30). కాబట్టి యవ్వనస్థులారా, జడియవద్దు. ఆయన నెత్తికెత్తు మూట మోయదగినదే.

అయితే సంఘ పెద్దలతో ఒక మాట. బాల్యము తీరకమునుపే బరువెత్తిన బిడ్డలు మనలో నున్నారు. తల్లి లేని ఇంట వంట చేయుచు, తమ్ముని చంకనెత్తుకొని బడి మానిన ఆడపిల్లను చూచి, "ఎంత పెద్దదాని వలె నడచుకొనుచున్నది" అని మెచ్చుకొందుము. ఆమె మోయునది ఆమె మూట కాదు, బారోస్. దానిని మెచ్చుకొనుట చాలదు, దించవలెను. పిడికెడు బియ్యము ఆ ఇంటికి ముందుగా చేరనిండు. ఆమెను మరల బడికి పంపు పని సంఘమే పూనుకొననిండు.

తలిదండ్రులారా, ఇంటి అప్పు పుస్తకమును ఎదిగిన బిడ్డలకు దాచకుడి. బెదరించుటకు కాదు, కన్నులు తెరచుటకే. ఒక దినమున గంపను వారి చేతికియ్యుడి.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు:

1. మన ఇంటిలో ఎవరి భారమును మనము ఇంకను చూడలేదు?
2. నేను మోయవలసిన మూటను ఎవరి నెత్తిన పెట్టితిని?
3. మన వీధిలో బాల్యము తీరకమునుపే బరువెత్తిన బిడ్డ ఎవరు? ఈ వారము ఆ ఇంటికి ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: తండ్రీ, మా ఇంటివారి భారములను చూచు కన్నులను, మా బరువును సణుగుకొనక మోయు భుజములను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.