ఇంటి నుంచే ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే

సమస్య

హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసే 38 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పొద్దున తొమ్మిదికి లాగిన్ అయితే, అమెరికా క్లయింట్ కాల్స్ ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. రోజూ అరగంట నడక మానలేదు. అయినా ఏడాదిగా సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతున్నాయి, నడుం పట్టేస్తోంది, తిండి మారకపోయినా ఒళ్లు వచ్చింది. జిమ్‌లో చేరాలా అన్నది ఆమె సందేహం.

సలహా

నడకలో లోపం లేదు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆమె నడక 210 నిమిషాలు. అసలు లోపం మిగతా పన్నెండు గంటల్లో ఉంది. మెట్రో మెట్లు, క్యాంటీన్‌కు వెళ్లిరావడం, మీటింగ్ గదులకు తిరగడం ఆఫీసు రోజుల్లో ఎవరూ లెక్కపెట్టని కదలికలు. ఇంటి ఉద్యోగంలో పోయినవి అవే. అలాంటి కదలికల విలువ తక్కువేం కాదు. 1953లో లండన్‌లో పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం ప్రచురించిన పరిశోధనలో, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. గంటల తరబడి కదలకపోతే రక్తం కిందే నిలిచి కాళ్లు బరువెక్కుతాయి. కదలకుండా నిలబడినా అంతే. అందుకే నిలబడి పనిచేసే ఎత్తు బల్ల కొన్నంత మాత్రాన సమస్య తీరదు. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరగాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతు 2020 సూచనల్లో లేదు, చిన్న విడతలూ లెక్కకొస్తాయి. కెమెరా అక్కర్లేని కాల్స్ ఇయర్‌ఫోన్స్‌తో నడుస్తూ మాట్లాడవచ్చు. అన్నం తిన్నాక పది నిమిషాలు పచార్లు చేస్తే కండరాలు గ్లూకోజ్‌ను వాడుకుంటాయి. పెద్దగా లావు లేకుండానే మధుమేహం బారిన పడే భారతీయులకు ఇది మరీ అవసరం.

ఆమె దినచర్యలో లేని మరొకటి కండరాలకు బలమిచ్చే వ్యాయామం. అది వారానికి కనీసం రెండు రోజులుండాలి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, మెట్లెక్కడం మొదట్లో చాలు. జిమ్ తప్పనిసరి కాదు. ఇంట్లోనే ఉంది కదా అని ఇంటిచాకిరీ అంతా ఆమె మీద వేసి దాన్నే వ్యాయామం అనడం మాత్రం అన్యాయం.

తిండి మారకుండా బరువు పెరిగితే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒక్క కాలే వాచి, నొప్పి, వేడి ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.