ఆ గొంతు ఇవాళ వినపడలేదేం? హామ్ రేడియో సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రకం భయం. రోజూ మాట్లాడే మనిషి వినిపించకపోవడం, లేదా వినకూడని కబురేదో చెవిన పడటం. యాంటెన్నా కొలతలు, పరీక్ష సిలబస్ అడిగినవాళ్ళు ఒక వారం ఓపిక పట్టండి. ముందు వీళ్ళకి జవాబు చెప్పాలి.

ప్రశ్న: మావారికి డెబ్బై నాలుగేళ్ళు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో సెట్టు ముందు కూర్చుని నలభై మీటర్ల బ్యాండులో స్నేహితులతో మాట్లాడతారు. బళ్ళారి వైపు ఉండే మిత్రుడు నాలుగు రోజులుగా వినపడటం లేదు. ఈయన సరిగా తినడం లేదు, రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నారు. - ఒక సోదరి, కాకినాడ

జవాబు: ముందు ఆయన్ని కడుపునిండా తినమనండి అమ్మా. నాలుగు రోజులు ఒక గొంతు వినపడకపోవడం హాముల్లో, అంటే సరదాకి లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవాళ్ళలో, చాలా మామూలు. మన తరంగాలు ఆకాశంలో ఉండే అయనోస్ఫియర్ పొరను తాకి కిందికి వస్తాయి. తెల్లవారుజామున ఆ పొర పల్చగా ఉంటుంది కాబట్టి అయిదారు వందల కిలోమీటర్ల లోపు ఊళ్ళను దాటేసి ఎక్కడో దూరాన పడతాయి. ఒకసారి పది, పదకొండు గంటలకు పిలిచి చూడమనండి. అప్పటికీ దొరక్కపోతే కోతులు తీగ తెంపి ఉండొచ్చు, మనవడి పుట్టినరోజుకి ఊరెళ్ళి ఉండొచ్చు. ఆయన ఒంటరిగా ఉండే మనిషై, చెప్పకుండా ఎప్పుడూ మానని అలవాటై, ఫోను మోగుతున్నా ఎత్తకపోతే మాత్రం సాయంత్రం దాకా ఆగొద్దు. ఆ ఊళ్ళో ఉన్న హామ్ ఎవరో నెట్‌లో, అంటే హాములంతా ఒక వేళకి రేడియోలో కలిసే చోట, అడిగితే చెబుతారు, వెళ్ళి తలుపు తట్టమనండి.

ప్రశ్న: మధ్యాహ్నం మాట్లాడుతుండగా అందరూ ఒక్కసారిగా మాయమయ్యారు. పది నిమిషాలు ఎంత పిలిచినా జవాబు లేదు. ఎక్కడైనా పెద్ద ప్రమాదం జరిగిందేమోనని చేతులు వణికాయి. లేక నా సెట్టు కాలిపోయిందా? - ఒక యువకుడు, కర్నూలు

జవాబు: ప్రమాదమూ కాదు, సెట్టూ కాలలేదు. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగితే, దాన్నే సోలార్ ఫ్లేర్ అంటారు, అందులోంచి వచ్చే ఎక్స్ కిరణాల వల్ల అయనోస్ఫియర్ అడుగు పొర మన తరంగాలను మింగేస్తుంది. కొద్ది నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. సూర్యుడి ఉధృతి సుమారు పదకొండేళ్ళకోసారి పెరుగుతుంది, ఈ విడత 2024లో తారస్థాయికి చేరింది. ఆ ఏడాది మే 10న మొదలైన సౌర తుఫానుకి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశమే ఎర్రబడింది, బ్యాండులు నీరసించడం ఎంత! ఒక్క గుర్తు పెట్టుకోండి: ఈ ఫ్లేర్ దెబ్బ పగలున్న వైపే తగులుతుంది. రాత్రి కూడా అన్ని బ్యాండులూ మూగగా ఉండి, మామూలు గరగర శబ్దం సైతం తగ్గిపోతే అప్పుడు కేబులు, కనెక్టరు చూసుకోండి.

ప్రశ్న: కొత్తగా మోర్స్ నేర్చుకుంటున్నాను. నాకు పాఠం చెప్పే పెద్దాయన చివర్లో "ఎస్‌కె" అని కొట్టి ఆగిపోయారు. ఎవరో పోతే అలా అంటారని విన్నాను. రాత్రంతా ఏడ్చాను. - ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: కళ్ళు తుడుచుకో తల్లీ, మాస్టారు నిక్షేపంగా ఉన్నారు. సంభాషణ ముగిసిందని చెప్పడానికి మూడు చుక్కలు, గీత, చుక్క, గీత కలిపి కొడతారు, అది రోజూ వినేదే. ఎవరైనా కన్నుమూస్తే ఆ మనిషిని "సైలెంట్ కీ" అంటాం, రాతలో ఆ హామ్ గుర్తింపు పేరైన కాల్ సైన్ పక్కన అవే రెండక్షరాలు పెడతాం. 1991 తర్వాత రాజీవ్ గాంధీ గారి వీయూ2ఆర్జీ, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా ప్రమాదం తర్వాత కల్పనా చావ్లా గారి కేడీ5ఈఎస్‌ఐ ఆ వరసలోకే వెళ్ళాయి. సంభాషణ చివర వింటే సెలవు అని, కాల్ సైన్ పక్కన రాసి కనిపిస్తే మరణవార్త అని అర్థం చేసుకో.

ప్రశ్న: మావారు పోయి నెల దాటింది. గది నిండా సెట్లు, మేడ మీద టవరు. లైసెన్సు లేకుండా ఇవన్నీ ఇంట్లో ఉంటే పోలీసులు వస్తారని పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు. సగం ధరకి కొంటామని ఇద్దరు వచ్చి వెళ్ళారు. నాకేమీ తెలియదు. - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ఎవరూ రారు. దశాబ్దాల పాటు లైసెన్సుతో నడిచిన స్టేషను అది, దొంగసొత్తు కాదు. లైసెన్సు మనిషి పేరున ఇచ్చేది కాబట్టి ఆయనతో ముగిసింది. అందుకని ఈ రేడియోలు లైసెన్సు ఉన్నవారి చేతికి చేరాలి, అంతే. ఢిల్లీలో టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగానికి మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు నకళ్ళు జతచేసి, ఫలానా సెట్లు ఉన్నాయి, ఫలానా హామ్‌కి అప్పగించదలచాం అని ఒక ఉత్తరం రాయండి. దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.

అమ్మకానికి తొందర లేదు. పరామర్శకని వచ్చి, మంచినీళ్ళు తాగి, గదిలోకి తొంగిచూసి ధర అడిగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. అలాంటివాళ్ళకి "పెద్దబ్బాయి రావాలండీ" అని చెప్పి పంపేయండి. మీవారి స్నేహితుల్లో నమ్మకమైనవాళ్ళు అని మీకు తోచిన ఇద్దరి చేత విడివిడిగా విలువ కట్టించండి. పాత ఇనుప సామాన్ల వాడికి మాత్రం ఏదీ వేయొద్దు, తుప్పు పట్టినట్టు కనిపించే పెట్టెకే ఒక్కోసారి ఎక్కువ విలువ.

నిజంగా జాగ్రత్త పడవలసినవి మూడున్నాయి. బల్బుల్లాంటి వాల్వులున్న పెద్ద యాంప్లిఫయరు మూత ఎవరినీ విప్పనివ్వకండి, ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది. టవరు దించడం మనవల పని కాదు, కరెంటు తీగలు దగ్గరుంటే విద్యుత్ శాఖకి చెప్పి సరఫరా ఆపించాకే ముట్టుకోవాలి. చార్జరుకి తగిలించి వదిలేసిన బ్యాటరీలు ఉంటే తీయించేయండి. లాగ్‌బుక్కులు, మాట్లాడినట్టు రుజువుగా వచ్చి గోడ నిండా ఉన్న క్యూఎస్‌ఎల్ కార్డులు అమ్మకంలో కలపకండి. ఆయన ఏ రోజు ఏ దేశంతో మాట్లాడారో లాగ్‌బుక్కుల్లో ఆయన చేతిరాతతోనే ఉంది, మనవలు ఎప్పుడో అడుగుతారు.

ప్రశ్న: మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉంటే నెట్‌లో నాకు నివాళి చెప్పి నిమిషం మౌనం పాటించారట! మా ఆవిడ అపశకునమని ఏడుస్తోంది. - ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మన పెద్దవాళ్ళే అన్నారు కదండీ, ఆ మాట అమ్మగారికి గుర్తుచేయండి. గొంతు హెచ్చుతగ్గులయ్యే వేళ ఒక్క అక్షరం తేడా ఉన్న కాల్ సైన్లు తారుమారవడం మామూలే. లేచి కూర్చోగలిగిన రోజు మీరే మైకు పట్టుకోండి, దాన్ని మించిన ఖండన లేదు. నెట్ నడిపేవారికి ఒక విన్నపం: ఇంటివాళ్ళ నోట వినకుండా మరణవార్త ప్రకటించొద్దు. ఎవరో ఎవరో చెప్పగా విన్నాం అన్నది మనకి చాలదు.

ప్రశ్న: ఏళ్ళ తరబడి రోజూ మాట్లాడుకున్న మిత్రుడు పోయాడు. ఒక్కసారి కూడా కలవలేదు, మొహం తెలియదు. నేను ఏడుస్తుంటే ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తున్నారు. నాకేమైనా అవుతోందా? - విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: మీకేమీ కాలేదు. రోజుకి పావుగంట చొప్పున ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నారు, సొంత అన్నదమ్ములే అంత మాట్లాడుకోని రోజులివి. ఆ వేళకి చెయ్యి సెట్టు మీదికి పోవడం, ఆ ఫ్రీక్వెన్సీ వినబుద్ధి కాకపోవడం కొన్ని వారాలుంటుంది. వారి ఇంటికి ఒక ఉత్తరం రాయండి. తండ్రి రేడియోలో ఏం కబుర్లు చెప్పేవారో పిల్లలకి చాలాసార్లు తెలియదు, మీకు తెలుసు. నెల గడిచాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా మొహమాటపడకుండా డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: తుఫానులో ఫోన్లు పోయాయి. ఒక హామ్ ద్వారా మా అక్కావాళ్ళ క్షేమం అడిగించాం. మూడు రోజులైనా జవాబు లేదు. జరగరానిది జరిగితేనే చెప్పకుండా దాస్తారా? - ఒక సోదరి, ఉప్పాడ

జవాబు: లేదమ్మా, అలా ఎవరూ దాచరు. విపత్తులో ప్రాణాపాయం ఉన్నవారి కబురు ముందు, తర్వాత మందులు, పడవలు, బియ్యం లాంటి సహాయక చర్యలవి, ఆఖరున క్షేమ సమాచారాలు. మూడు రోజుల ఆలస్యానికి అర్థం మీ కబురు ఎక్కడో వరసలో ఉందని. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. 1987 తర్వాత అండమాన్ నుంచి హామ్ గొంతు వినిపించడం అదే మొదటిసారి, నిజానికి వాళ్ళు ప్రపంచమంతటితో సరదాగా మాట్లాడటానికి వెళ్ళారు. ఆ సరదా ఆపేసి బృందంలోని భారతీ ప్రసాద్ గారు, సహచరులు దీవుల నుంచి ఇవతలి గట్టుకి కబుర్లు మోశారు. అప్పుడైనా, 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊపేసినప్పుడైనా ఇవతల కుటుంబాలకి ఎదురుచూపు తప్పలేదు.

అడిగినప్పుడు ఏం రాశారో ఒకసారి చూసుకోండి. "లక్ష్మి, పెద్ద వీధి" అంటే ఆ ఊళ్ళో పదిమంది ఉంటారు. పేరు, భర్త పేరు, వయసు, దగ్గరి గుడి గానీ బడి గానీ, అడుగుతున్న మీరెవరు, ఇవన్నీ కలిపి పాతిక మాటల్లో మళ్ళీ పంపించండి. ఇంట్లో గర్భిణి, డయాలసిస్ చేయించుకునేవారు లాంటివాళ్ళు ఉంటే ఆ మాట మొదటే చెప్పాలి, అప్పుడు వరస మారుతుంది.

ప్రశ్న: మావారు నా బీపీ, నా గర్భసంచి ఆపరేషను అన్నీ మైకులో చెప్పేస్తున్నారు! ఎవరెవరు వింటారో అని సిగ్గుతో చచ్చిపోతున్నాను. - పేరు రాయవద్దు, హైదరాబాదు

జవాబు: ఆయనకి చెడ్డ ఉద్దేశం లేదమ్మా, మీ కోసం దిగులుపడి స్నేహితులతో చెప్పుకుంటున్నారు. కానీ మీ సిగ్గు న్యాయమైనదే. రేడియోలో రహస్యం ఉండదు, రిసీవరు ఉన్న ప్రతివాళ్ళూ వినొచ్చు. "మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు, కోలుకుంటోంది" అంటే సరిపోతుందని చెప్పండి. ఆపరేషను సంగతి కంటే నాకు ఇంకో మాట భయం: "ఇల్లు తాళం వేసి పది రోజులు తిరుపతి వెళుతున్నాం" అనేది. అది మాత్రం వెంటనే మాన్పించండి.

ప్రశ్న: మా సీనియర్ ఉపగ్రహాలు వినమన్నాడు. హామ్‌శాట్, ఏవో-7 రెండూ వినపడలేదు. యాంటెన్నా పాడుచేశానా? - ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: కంగారుపడకు బాబూ. హామ్‌శాట్ 2005 మే 5న మీకు దగ్గర్లోని శ్రీహరికోట నుంచే వెళ్ళింది, రెండేళ్ళకని పంపితే తొమ్మిదేళ్ళు పనిచేసి 2014లో బ్యాటరీ పోయి ఆగిపోయింది. దాన్ని వెతకొద్దు. ఏవో-7 కథ వేరు: 1974లో ఎగిరి, 1981లో బ్యాటరీ షార్టయి మూగబోయి, అందరూ నివాళులు చెప్పేశాక 2002లో మళ్ళీ పలికింది! బ్యాటరీ లేదు కాబట్టి దాని మీద ఎండ పడినప్పుడే పలుకుతుంది. ఆ వేళ చూసుకుని విను.

ప్రశ్న: నాన్నగారు డెబ్బైల్లో అమెరికా వచ్చి ఇక్కడే హామ్ అయ్యారు. మొన్న పోయారు. ఆయన కాల్ సైన్ రేపే ఎవరో ఎత్తుకుపోతారని భయంగా ఉంది. - ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రేపే కాదు, మరణించిన వారి కాల్ సైన్ సాధారణంగా రెండేళ్ళ దాకా బయటివారికి ఇవ్వరు. ఆ రెండేళ్ళ అడ్డు దగ్గరి బంధువులకి లేదు, పిల్లలు, మనవలు, అల్లుళ్ళు, కోడళ్ళు కూడా అడగొచ్చు. అడిగేవారికి ఆ కాల్ సైన్‌కి తగిన స్థాయి లైసెన్సు ఉండాలి. మొదటి మెట్టు పరీక్షలో ముప్పై అయిదు ప్రశ్నలు, ఇరవై ఆరింటికి సరిగ్గా జవాబిస్తే చాలు, మోర్స్ అక్కర్లేదు. మరణ ధ్రువపత్రం అక్కడ లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీకి పంపి, తర్వాత నింపాదిగా చదువుకోండి. భారత్‌లో ఈ పద్ధతి ఉంటుందనుకోకండి, ఇది అక్కడి నిబంధన.

ప్రశ్న: పెద్దాయన పోతే వారి భార్యకి సంతాప సందేశం పంపాను. కింద 73 రాయబోయి 88 రాశాను. అర్థం తర్వాత తెలిసింది. తలెత్తుకోలేకపోతున్నాను. - కొత్త హామ్, రాజమహేంద్రవరం

జవాబు: 73 అంటే శుభాకాంక్షలు, 88 అంటే ప్రేమతో ముద్దులు. అవును, కాస్త ఇబ్బందే! అయితే హామ్ భార్యగా అన్నేళ్ళు గడిపినావిడకి కొత్తవాళ్ళ తప్పులు తెలియనివి కావు, చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఎవరో నవ్వి ఉంటారు. ఫోను చేసి "పొరపాటైందండీ పిన్నిగారూ" అనండి. ఇకముందు ఇలాంటి ఉత్తరాల్లో అంకెలు వద్దు, తెలుగులో రాయండి.