నూలులోనే పువ్వు

పోచంపల్లి నేతింట్లో పుట్టి, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లీషు కవిత్వంలో రూపకం ఎట్లా పనిచేస్తుందో నాకు ఆలస్యంగా బోధపడింది. పాఠం చెప్పే పిల్లలకు ఆ నాలుగు మాటలు చెబుతాను.

1. రూపకం పైన అద్దే రంగు కాదు.
మా అమ్మ మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోసేది, నాన్న ఆ నూలును అక్కడక్కడ బిగించి చిటికి కట్టేవాడు. కట్టు పడ్డచోట రంగు ఎక్కదు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచేవాడు. బట్ట నేయకముందే పువ్వు నూలులో ఉండేది. మంచి కవితలో రూపకమూ అంతే. దాన్ని తీసేసి అసలు భావం మిగుల్చుకుందామంటే బట్టే మిగలదు. ఇది తెలియక ఏళ్ల తరబడి పిల్లల చేత సిమిలీ, మెటఫర్ అని గీతలు గీయించాను. మార్కులు వచ్చాయి, కవిత్వం రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

2. పెద్ద రూపకం నోరు విప్పదు.
1879లో హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు మన నేతగాళ్ల మీద ఇంగ్లీషులో కవిత రాసింది. పేరు ‘ఇండియన్ వీవర్స్’. 1905 నాటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ సంపుటిలో ఉంది. మూడే చరణాలు. తెల్లవారుజామున పసిబిడ్డకు బట్ట, పొద్దుగూకే వేళ రాణి పెళ్లి మేలిముసుగు, చలి వెన్నెల్లో శవానికి కప్పే గుడ్డ. రోజంటే బతుకని ఆమె ఎక్కడా అనలేదు. ఇంకాస్త దగ్గరగా చూడండి. మొదటి చరణంలో లకుముకిపిట్ట రెక్క, రెండోదాంట్లో నెమలి పింఛం. మూడోదాంట్లో పిట్ట పేరే లేదు, ఉత్త తెల్లని ఈక. హంస లేచిపోయిందని మన పెద్దలు అనే మాటే అక్కడ వినిపిస్తుంది నాకు. ఇన్నేళ్లు చదివినా ఆ ఈక దగ్గర గొంతు ఆగుతుంది.

3. దూరపు వస్తువులే గట్టిగా ముడిపడతాయి.
ఇంగ్లీషు కవి జాన్ డన్ కవితలు ఆయన పోయాక 1633లో అచ్చయ్యాయి. వాటిలో ఒకచోట, ఎడబాసే ఇద్దరు ప్రేమికులను వృత్తం గీసే కంపాస్ కాళ్లతో పోల్చాడు. ఒక కాలు నడిమధ్య నిలిచి, తిరిగే కాలు వైపు వంగుతుంది. తిరిగే కాలు ఇల్లు చేరాక నిలిచిన కాలు నిటారవుతుంది. ఇట్లాంటివి బలవంతపు జోడింపులని విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ విసుక్కున్నాడు. నాకు మాత్రం డన్‌దే న్యాయమనిపిస్తుంది. సంగతీ, దాన్ని మోసే చిత్రమూ ఒకదాన్నొకటి తాకినచోటే అర్థం పుడుతుందని 1936లో విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ వివరించాడు.

4. పేరు ఆఖరున అడగాలి.
ముందు కవితను పైకి చదవండి. ఏం కనబడిందో చెప్పించండి. అలంకారం పేరు ఆ తర్వాత. పాఠం చెప్పే పిల్లలారా, రేపు తరగతిలో ‘ఇండియన్ వీవర్స్’తోనే మొదలుపెట్టండి. పన్నెండు పంక్తులే, ఒక్క పీరియడు చాలు.