అడిగి చేయు సహాయము

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాలో కుతుపలాంగ్ అను పెద్ద శరణార్థి శిబిరము కలదు. 2017 ఆగస్టు మొదలు మయన్మార్‌లోని హింసకు వెరచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు ఆ జిల్లాకు తరలివచ్చిరి. వెదురు, టార్పాలిన్‌లతో కట్టిన గుడిసెలే వారి ఇండ్లు. వారిలో సుమారు సగము మంది బాలబాలికలే.

ఇట్టి శిబిరములలోని పిల్లలకు చిన్న సేవాసంఘములును తోడ్పడగలవు. అందుకు నాలుగు నియమములు కలవు.

మొదటిది అడుగుట. పలకలు కావలసినచోట బొమ్మలు పంపినచో లాభమేమి? తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ముందుగా విచారింపవలెను.

రెండవది చేరువలో కొనుట. దూరము నుండి సరకు పంపినచో రవాణాకే సొమ్ము కరగును.

మూడవది లెక్క చూపుట. ప్రతి ఖర్చునకు రసీదు ఉంచి దాతలకు తెలుపవలెను.

నాలుగవది విడువకుండుట. 2025 జూన్‌లో నిధులు చాలక అక్కడి పెక్కు బడులు మూతపడెను. ఇల్లు కోల్పోయిన బాలునికి బడియు పోయినచో ఏమి మిగులును? కావున ఏడాది పొడవునా నడపగలిగినంతే ఆరంభింపవలెను.

అర్థములు
శరణార్థి: ఆశ్రయము కోరి వచ్చినవాడు
వెరచి: భయపడి
పెక్కు: అనేకము

ప్రశ్నలు
1. సహాయము చేయుటకు ముందు ఎవరిని అడుగవలెను? ఎందుకు?
2. నాలుగు నియమములలో ఏది కష్టమైనదని మీరు తలంతురు?