ఇంటి ఇంటర్నెట్టు మార్చుటకు ముందు

మన రుద్రూరు రైతు క్రొత్త వరి వంగడమును గూర్చి వినినంతనే పొలమంతయు నాటడు. ఒక మడిలో పాతదానిని, ప్రక్క మడిలో క్రొత్తదానిని నాటి, రెండింటికి ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి, కోతనాడు తూచి చూచును. మన ఊరి పరిశోధన స్థానమున వరిని, చెరకును పరీక్షించు పద్ధతియు ఇట్టిదే. ఇంత జాగ్రత్తగల రైతు ఇంటికి ఇంటర్నెట్టు తీసికొనునపుడు మాత్రము ప్రకటనలోని పెద్ద అక్షరముల ధరను చూచి సంతకము చేయుచున్నాడు. ఆ తొందరవలన కలుగు నష్టమును గూర్చియే ఈ పాఠము.

ఇంటర్నెట్టు ఇపుడు వేడుక వస్తువు కాదు. భూముల రికార్డు 2020లో ధరణి ద్వారమునను, 2025 నుండి భూభారతి ద్వారమునను చూచుకొనవలసి వచ్చినది. 2016లో ఆరంభమైన ఇ-నామ్ పద్ధతిలో నిజామాబాదు మార్కెట్టు చేరియున్నది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదించినది. లైను తెగిన దినమున ఈ పనులన్నియు నిలిచిపోవును.

మేమెరిగిన ఒక ఇంటివారు నెలకు నూరు రూపాయలు తగ్గునని పాత లైను తీయించి, క్రొత్తదానికి ఏడాది సొమ్ము ముందే చెల్లించిరి. రెండవ నెలలో చెరకు బండి తగిలి వీధిలోని తీగ తెగినది. బాగుచేయువాడు దూరపు పట్టణమున నుండెను. పదునొకండు దినములు రాలేదు. ఆ దినములలోనే కుమార్తె పరీక్ష దరఖాస్తునకు గడువు వచ్చెను. కడపటి రాత్రి తండ్రి ఆమెను మోటారు సైకిలుపై బోధనునకు తీసికొనిపోయి పని ముగించెను. ఆ బిడ్డకు ఒక ఏడు తప్పిపోయినచో నూరు రూపాయల పొదుపు దేనికి సరివచ్చును?

1. లైను ఎట్టిది?

ఇంటికి ఇంటర్నెట్టు ముఖ్యముగా రెండు దారుల వచ్చును. మొదటిది గాజు తీగ, అనగా ఫైబర్. రెండవది టవరునుండి గాలిలో వచ్చునది. తీగ దారి నిలకడ గలది. కాని కోతులకు, ఎత్తైన బండ్లకు, రోడ్డు తవ్వకములకు లోబడినది. గాలి దారికి తీగ బాధ లేదు. కాని టవరు దూరమైనను, నడుమ చెట్లు, మేడలు అడ్డమైనను బలము తగ్గును.

కేంద్ర ప్రభుత్వపు భారత్‌నెట్, రాష్ట్ర ప్రభుత్వపు టీ-ఫైబర్ గ్రామములకు తీగ తెచ్చుటకు ఏర్పడినవి. టీ-ఫైబర్ తీగలను మిషన్ భగీరథ నీటి గొట్టముల కందకముల వెంబడి వేసిరి. అయినను పంచాయతీ కార్యాలయము వరకు తీగ వచ్చుట వేరు, మన గడప వరకు వచ్చుట వేరు. కావున మీ వీధిలో ఏది వచ్చుచున్నదో పంచాయతీలోను, ఇరుగుపొరుగువారిని అడిగియు తెలిసికొనవలెను. పక్క ఊరి అనుభవము మన వీధికి సాక్ష్యము కానేరదు.

2. వేగము ఎంత?

1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువ క్రింద సాగుచేయు మనకు ఈ సంగతి సులభముగా బోధపడును. తూము వద్ద పారు నీరంతయు చివరి ఆయకట్టునకు చేరదు. అందరును ఒక్కమారు మళ్లించుకొన్నపుడు చివరివానికి తగ్గును. ప్రకటనలోని వేగము తూము వద్ద లెక్క. సాయంకాలము ఊరంతయు చూచువేళ మన ఇంటికి అందునది చివరి మడి లెక్క. కావున పొరుగింట రాత్రి ఎనిమిది గంటలకు పరీక్షించి చూడుడు. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఇందుకు పనికివచ్చును.

ప్రకటనలలో వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. ఫైళ్ల పరిమాణము మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. అనగా 30 మెగాబిట్ల లైనుపై సెకనుకు 3.75 మెగాబైట్లకు మించి దిగవు. నలుగురున్న ఇంట చదువునకు, వీడియోలకు ఇది సామాన్యముగా చాలును. నెలకు 3,300 జీబీ అను పరిమితి దినమునకు 110 జీబీ యగును. సామాన్య గృహస్థు దానిని దాటుట అరుదు. దానికంటె పైకి పంపు వేగమును, పరిమితి ముగిసిన పిదప మిగులు వేగమును అడుగుట మేలు.

3. ఏడాది ఖర్చు ఎంత?

నెల ధరపై 18 శాతము జీఎస్టీ చేరును. ఒక లెక్క చూతము. మొదటి పథకము నెలకు 400 రూపాయలు, పన్నుతో 472, ఏడాదికి 5,664. రౌటరునకు, అమరికకు అన్నియు కలిపి 2,500 అడిగిరి. మొత్తము 8,164. రెండవది నెలకు 500, పన్నుతో 590, ఏడాదికి 7,080, వేరు రుసుము లేదు. చవుక యనుకొన్నదే మొదటి ఏట 1,084 రూపాయలు ఎక్కువైనది. రెండేండ్లకు మొదటిది 13,828, రెండవది 14,160. తేడా 332 రూపాయలే. ఆరంభ తగ్గింపు ఎన్ని నెలలుండును, సామాను మనదా వారిదా, డిపాజిట్టు తిరిగి వచ్చునా అనునవి కాగితముపై వ్రాయించుకొనవలెను.

4. తెగిననాడు ఎవరు వత్తురు?

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇది. ఊళ్లలో పెద్ద కంపెనీ పేరున్నను, తీగ కలుపువాడు తరచు స్థానిక ఆపరేటరే. అతడు ఎచట నుండును, ఎన్ని ఇండ్లకు ఒక్కడు, గత వానకాలమున ఎన్ని దినములలో బాగుచేసెను అని ఇప్పటికే లైనుగల ఇద్దరు ముగ్గురిని అడుగుడు. కరెంటు పోయినపుడు ఫైబర్ పెట్టెయు ఆగిపోవును గనుక చిన్న బ్యాటరీ అమర్చుకొనుట మంచిది.

5. మార్చు క్రమము

మొబైలు నంబరువలె ఇంటి ఇంటర్నెట్టును ఒక కంపెనీనుండి మరియొకదానికి బదిలీ చేయు వీలు లేదు. పాతది మూయించి క్రొత్తది పెట్టించుకొనవలెను. అందుచే మొదట క్రొత్త లైనును ఒక నెలకు మాత్రమే తీసికొని, పాతదానితో పక్కపక్కన నడిపి చూడుడు. బాగున్నచో పాతదానిని వ్రాతమూలకముగా మూయించి, సామాను ఒప్పగించి రసీదు పుచ్చుకొనుడు. ఆ పిదపనే ఏడాది సొమ్ము మాట తలపెట్టుడు.

6. తగవు వచ్చినచో

ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు చెప్పి ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనవలెను. తీరనిచో ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవింపవలెను. ట్రాయ్ వారు ఒక్కొక్కరి తగవును స్వయముగా విచారింపరు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. టెలికాం తగవులను వినియోగదారుల కమిషన్లు విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. రసీదులు లేనివాని మాట ఎచటను నిలువదు.

సంఘ సభ్యులకు మా సూచన యొకటి. ఒక వీధిలో పదిమంది కలిసి ఆపరేటరును పిలిపించి, ధరను, బాగుచేయు గడువును మాటలాడుకొనుడు. ఒంటరివాడు అడిగిన ప్రశ్నకు నవ్వి పోవువాడు పదిమంది అడిగినచో కూర్చుండి సమాధానము చెప్పును. ఎరువులు, విత్తనములు కలిసి తెచ్చుకొనుట నేర్చిన మనకు ఈ పని క్రొత్త కాదు.